ఎలొకేటర్ కోడ్ తగ్గించాలంటే వెతకడాన్నీ తీసుకోవడాన్నీ విడదీయండి

మీ ఎలొకేటర్‌లో (డిస్కులో ఖాళీ బ్లాకులు వెతికి ఫైళ్లకు ఇచ్చే కోడ్‌లో) "ఈ బ్లాకే కావాలి", "దీని దగ్గర్లో కావాలి", "ఎక్కడైనా సరే" అని మూడు ఫంక్షన్లు ఉన్నాయి, మూడింటిలోనూ దాదాపు ఒకే కోడ్ ఉంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడిగారు.

వెతికే భాగం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ముందు ఖాళీ ముక్కల రికార్డుల్నీ, ఎన్ని బ్లాకులు ఖాళీయో లెక్కపెట్టే కౌంటర్లనీ మార్చే కోడ్‌ను ఒకే ఫంక్షన్‌లోకి లాగండి. వెతికే మూడు ఫంక్షన్లూ మొదలు, పొడవు చెప్పి ఊరుకోవాలి, దేన్నీ ముట్టకూడదు. కౌంటర్ తేడాలు ఎక్కువగా పుట్టేది ఒకచోట తగ్గించి ఇంకోచోట మర్చిపోవడం వల్లే.

ఖాళీ ముక్క మొత్తం తీసుకోవడం, ఎడమ చివర, కుడి చివర, మధ్యలో అని నాలుగు కేసులు రాసి ఉంటారు. ఒక్కటి చాలు: పాత రికార్డు తీసేయండి, మిగిలిన ముక్కలు సున్నా కాకపోతే చేర్చండి. 100 నుంచి 139 వరకు 40 బ్లాకులు ఖాళీ, 112 నుంచి 8 తీసుకున్నారనుకోండి. 100 దగ్గర 12, 120 దగ్గర 20 మిగులుతాయి. లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లోలా ఈ రికార్డులకు మొదలును బట్టి ఒకటి, పొడవును బట్టి ఒకటి అని రెండు ట్రీలు ఉంటే, రెండోదాంట్లో పొడవు మారితే కీ (రికార్డు చోటును నిర్ణయించే విలువ) మారినట్టే. అక్కడ ఎలాగూ తీసి మళ్లీ చేర్చాల్సిందే.

ఇక్కడే అసలు చిక్కు. పైన ఒక రికార్డు రెండైంది, అంటే స్థలం తీసుకుంటుంటే ట్రీకే కొత్త బ్లాకు అవసరం పడొచ్చు. అది మళ్లీ ఎలొకేటర్‌నే పిలిస్తే సుడిలో పడతారు. అందుకే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ప్రతి ఎలొకేషన్ గ్రూపులో (డిస్కును విడగొట్టిన ఒక్కో భాగంలో) ట్రీల కోసం కొన్ని బ్లాకులు విడిగా ఉంచుతుంది. ఆ నిల్వ నింపాకే వెతకండి. వెతికి తర్వాత నింపితే, మీరు ఎంచుకున్న చోటే నిల్వలోకి పోవచ్చు. ఈ వరుస అనవసరంగా కనిపించినా చెరపకండి.

గ్రూపుల మీద వేసే లాకుల విషయంలోనూ అంతే, వరుస ముఖ్యం. ఒక ట్రాన్సాక్షన్ 5వ గ్రూపు పట్టుకుని 2వదాని కోసం, ఇంకోటి 2 పట్టుకుని 5 కోసం ఆగితే రెండూ కదలవు. పెద్ద నంబరు వైపు వెళ్లేటప్పుడే లాకు కోసం ఆగండి, చిన్న నంబరు వైపు వెనక్కి వస్తే లాకు వెంటనే దొరికితేనే తీసుకోండి.

ప్యాచుల్లో కోడ్ జరపడం, ప్రవర్తన మార్చడం కలపొద్దు. పరీక్షకు 64 బ్లాకుల చిన్న గ్రూపు పెట్టండి, అంచులు త్వరగా తగులుతాయి. పక్కనే మామూలు బిట్‌మ్యాప్ (బ్లాకుకో బిట్ చొప్పున ఖాళీయో కాదో చెప్పే పట్టీ) ఉంచి, ప్రతిసారీ అదే వరుస వచ్చేలా స్థిరమైన సీడ్‌తో బ్లాకుల్ని యాదృచ్ఛికంగా తీసుకుంటూ వదులుతూ, ప్రతిసారీ రెండూ పోల్చండి. ఆనుకున్న రెండు ఖాళీ ముక్కలు విడివిడిగా కనిపిస్తే, వదిలేటప్పుడు కలపడం ఎక్కడో తప్పిందన్నమాట.