బార్సిలోనా పాతబస్తీలో ఏది పాతది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో గైడు వెంట కాలినడకన పాతబస్తీని చూసే పద్ధతి గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాశాం. అది చదివి పలువురు ఉత్తరాలు రాశారు. వాటిలోంచి నాలుగు ప్రశ్నలను ఎంచుకుని ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడ చదువుకుంటున్నందువల్ల మేమిద్దరం ఈ వేసవిలో బార్సిలోనా వెళ్ళాం. గోథిక్ (మధ్యయుగపు యూరపు కట్టడ శైలి) క్వార్టర్ అనే పాత పేటను గైడుతో కలిసి రెండున్నర గంటలు నడిచి చూశాం. ఆరువందల ఏళ్ళ నాటిదనుకుని మురిసిపోతూ ఫొటోలు తీసుకున్న రాతి వంతెన 1928లో కట్టినదనీ, కెథెడ్రల్ అనే పెద్ద చర్చి ముఖభాగం కూడా నూరేళ్ళ పైచిలుకు వయసున్నదేననీ ఆయన చివర్లో చెప్పారు. మోసపోయినట్టు అనిపించింది. ఆ పేట అంతా పర్యాటకుల కోసం వేసిన సెట్టింగేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీ గైడు చెప్పినవి రెండూ నిజాలే. ఆయన నిజాయితీగా చెప్పినందుకు సంతోషించండి. అయితే ఆ రెండు నిజాల మీద ఆధారపడి పేట మొత్తాన్ని సెట్టింగు అనుకుంటే, మీరు నడిచిన ఊరికి అన్యాయం చేసినవారవుతారు.

ముందుగా మీరన్న వంతెన సంగతి చూద్దాం. బిస్బె వీధికి అడ్డంగా పైన కనిపించే ఆ వంతెనను, ఆ నగరపు ప్రసిద్ధ వాస్తుశిల్పి గౌడీ దగ్గర పనిచేసిన జుఆన్ రుబియో అనే వాస్తుశిల్పి రూపొందించగా 1928లో కట్టారు. 1929లో ఆ నగరంలో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. దానికి ముందూ వెనకా కెథెడ్రల్ చుట్టుపక్కల భవనాలకు మధ్యయుగపు రూపం తీసుకురావాలని నగర పాలకులు గట్టిగా పూనుకున్నారు. అంతకు ముందు ఆ ప్రాంతాన్ని 'కెథెడ్రల్ పేట' అనేవారు. 'బారి గోతిక్', అంటే గోథిక్ పేట, అనే పేరు స్థిరపడింది కూడా ఇరవయ్యో శతాబ్దంలోనే. ఇక కెథెడ్రల్ నిర్మాణం 1298లో మొదలై దాదాపు నూటయాభై ఏళ్ళు సాగింది. ప్రధాన కట్టడం పూర్తయినా, ముఖభాగం మాత్రం ఏ అలంకారమూ లేని గోడగా శతాబ్దాల పాటు ఉండిపోయింది. మనూయెల్ జిరోనా అనే బ్యాంకరు డబ్బు పెట్టుకోగా, 1408 నాటి ఒక పాత నమూనా ఆధారంగా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దాన్ని కట్టారు. నడిమి శిఖరం 1913కు గాని పూర్తి కాలేదు. అయితే ఆ ముఖద్వారం దాటి లోపల అడుగు పెట్టినప్పుడు మీ తలమీద కనిపించిన రాతి కమానులు నిఖార్సయిన గోథిక్ కాలానివే. వాటిని ఎవరూ తెచ్చి అతికించలేదు.

ఇలాంటి పేటలో నడిచేటప్పుడు ప్రతి కట్టడం ముందూ నిలబడి ఒక ప్రశ్న వేసుకోవాలని నేను అంటాను: ఇది మొదటి నుంచీ ఇక్కడే ఉన్నదా, మరో చోటి నుంచి వచ్చినదా, పాతదానిలా కొత్తగా కట్టినదా? ఈ మూడూ కొన్ని అడుగుల తేడాలో పక్కపక్కనే కనిపించడమే బార్సిలోనా విశేషం. మీరు ఫొటో తీసుకున్న వంతెనకు ఆనుకుని ఉన్న జనరలిటాట్ (ప్రాంతీయ ప్రభుత్వం) భవనపు గోడ మీద, గుర్రమెక్కిన సెయింట్ జార్జ్ శిల్పం ఉంటుంది. అది పదిహేనో శతాబ్దపు తొలినాళ్ళలో చెక్కినది, ఈనాటికీ ఉన్నచోటనే ఉంది. జనమంతా వంతెన వైపు తలెత్తి చూస్తూ దాని కిందుగా నడిచి వెళ్ళిపోతారు. నాలుగు అడుగులు వేస్తే వచ్చే రాజుగారి చౌకులో, అంటే ప్లాసా డెల్ రేలో, 1359 – 1370 మధ్య కట్టిన టినెల్ సభామందిరం ఉంది. నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా సుమారు 17 మీటర్ల వెడల్పును అర్ధచంద్రాకారపు రాతి కమానులతో దాటించారు. అక్కడ నిలబడితే వంతెన గురించిన బాధ ఎవరికైనా తీరిపోతుంది.

మరో చోటి నుంచి వచ్చిన కట్టడానికి ఉదాహరణ కూడా అదే చౌకు పక్కన ఉంది. నగరాన్ని ఓడరేవుతో కలపడానికి 1908లో లాయెటానా అనే వెడల్పాటి రహదారి పని మొదలుపెట్టి, పాత పేట నడుమ నుంచి ఇళ్ళూ సందులూ కూల్చుకుంటూ పోయారు. వేలాది మంది పేదలు నిలువనీడ కోల్పోయారు. ఆ కూల్చివేతల్లో పోకుండా కాపాడిన కొన్ని భవనాలలో పడెల్యాస్ భవనం ఒకటి. దాన్ని రాయి రాయిగా విప్పి, 1931లో తెచ్చి ఇక్కడ నిలబెట్టడానికి పునాదులు తవ్వుతుండగా, అడుగున రోమన్ల నాటి ఊరు బయటపడింది. ఈనాడు ఆ భవనమే నగర చరిత్ర మ్యూజియం. లిఫ్టులో కిందికి దిగితే, సుమారు నాలుగు వేల చదరపు మీటర్ల మేర 'బార్సినో' అనే ఆ రోమన్ పట్టణపు వీధులు, బట్టలు ఉతికి అద్దకం వేసిన తొట్లు, చేపలను ఉప్పులో ఊరబెట్టి 'గారుమ్' అనే రసం తీసిన కార్ఖానా, ద్రాక్షసారా కుండలు పాతిన నేలమాళిగ వరుసగా కనిపిస్తాయి. చోటు మారిన ఒక ఇంటివల్ల, చోటు మారని ఒక ఊరు వెలుగు చూసింది. దీన్ని నకిలీ అని ఎలా అనగలం?

మన దగ్గరి అనుభవం గుర్తు చేసుకోండి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. శ్రీకాళహస్తి రాజగోపురం 2010లో కూలిపోతే, కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. ఈ రెండింటినీ మనం నకిలీలు అనుకోవడం లేదు. వాటికి జరిగినదేమిటో మనకు తెలుసు కాబట్టి. తెలియకపోతేనే మోసపోయిన భావన కలుగుతుంది. ఒక కట్టడాన్ని మళ్ళీ కట్టడం నా దృష్టిలో తప్పు కాదు, కట్టిన సంగతి చూడవచ్చినవారికి చెప్పకపోవడమే తప్పు. మీ గైడు ఆ మాటను చివర్లో కాక వంతెన కిందే చెప్పి ఉంటే, మీకు ఇంత బాధ కలిగి ఉండేది కాదు.

ప్రశ్న: సాంట్ ఫెలిప్ నెరి అనే చిన్న చౌకులో చర్చి గోడ నిండా గుంటలు చూశాను. అంతర్యుద్ధ కాలంలో మనుషులను ఆ గోడకు నిలబెట్టి తుపాకులతో కాల్చి చంపిన గుర్తులని మాతో వచ్చిన ఒకరు చెప్పారు. మరొకరు కాదన్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాదన్నవారి మాటే నిజం. ఆ గుంటలు బాంబులు పేలినప్పుడు ఎగిరిన ముక్కలు తగిలి పడినవి. 1938 జనవరి 30న, స్పెయిన్ అంతర్యుద్ధంలో జనరల్ ఫ్రాంకో పక్షాన పోరాడుతున్న ఇటలీ వైమానిక దళం బార్సిలోనా మీద బాంబులు వేసింది. ఆ చర్చి నేలమాళిగలో తలదాచుకున్నవారు చిక్కుకుపోయారు. సహాయానికి జనం చేరుకున్న సమయంలో మళ్ళీ బాంబులు పడ్డాయి. మొత్తం 42 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది పిల్లలు. యుద్ధంలో ఫ్రాంకో గెలిచాక, ఆ గుంటలు అవతలి పక్షంవారు మతగురువులను కాల్చి చంపినప్పటి తూటాల గుర్తులన్న ప్రచారం వ్యాపించింది. ఆ అబద్ధం ఎనభై ఏళ్ళ తరువాత కూడా కొందరి నోట వినిపించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. చంపినవారెవరో మరుగుపరచి, నేరాన్ని మరొకరి మీదికి నెట్టే కథ అది. చౌకులోని ఫలకం మీద జరిగినది స్పష్టంగా రాసి ఉంది. మీతో వచ్చినవారికి దయచేసి ఈ సంగతి తెలియజేయండి.

హైదరాబాదు పాఠకుడికి చెప్పిన మాట ఇక్కడ మరింత వర్తిస్తుంది. పురాతనమైనదిగా తోచే ఆ చౌకు ప్రస్తుత రూపం యుద్ధం తరువాత ఏర్పడినదే. రాగి కాగులు చేసే కంచరుల వృత్తి సంఘానికి, చెప్పులు కుట్టేవారి వృత్తి సంఘానికి చెందిన పాత భవనాల ముఖభాగాలను వేరే చోట్ల నుంచి తెచ్చి అక్కడ నిలబెట్టారు. చుట్టూ ఉన్న గోడల్లో కొన్ని వలస వచ్చినవే అయినా, చర్చి గోడ మీది గాయం మాత్రం అక్కడే తగిలినది. దాన్ని పూడ్చకుండా వదిలేసినవారికి చేతులెత్తి మొక్కాలి. మరో సంగతి: గౌడీ ఈ చర్చికి ప్రార్థనకు వచ్చేవారు. 1926 జూన్ 7న ఇక్కడికే నడిచి వస్తుండగా ట్రామ్ ఢీకొని, మూడు రోజులకు కన్నుమూశారు.

అక్కడికి వెళ్ళేవారికి ఒక విన్నపం. ఆ చౌకును ఆనుకుని ఒక బడి ఉంది. విరామ సమయంలో పిల్లలు ఆ గోడ పక్కనే ఆడుకుంటారు. ఆ సమయంలో కెమెరాలు దించి, గొంతు తగ్గించి నడవండి.

ప్రశ్న: కెథెడ్రల్ లోపల పెరట్లో బాతులను పెంచుతారట. ఎందుకు?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అవి పెద్దబాతులు, తెల్లనివి, లెక్కకు పదమూడు. కెథెడ్రల్ పక్కన మన మండువా ఇంటిలా నడుమ ఆకాశం కనిపిస్తూ, నాలుగు వైపులా వసారాలున్న తోట ఒకటి ఉంది. అవి అక్కడే ఉంటాయి. నగర రక్షకురాలిగా కొలిచే సెయింట్ యులాలియా, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కాలంలో తన విశ్వాసాన్ని వదులుకోనన్నందుకు పదమూడేళ్ళ వయసులో చిత్రహింసలకు గురై మరణించిందని భక్తుల నమ్మకం. ఆ పదమూడేళ్ళకు గుర్తుగా పదమూడు బాతులని చెబుతారు. ఆమె సమాధి కెథెడ్రల్ గర్భభాగంలో ఉంది. కార్పస్ క్రిస్టి అనే క్రైస్తవ పండుగనాడు అదే తోటలోని ఫౌంటెన్‌ను పూలతో, చెర్రీ పళ్ళతో అలంకరించి, ఎగజిమ్మే నీటిధార మీద ఖాళీ గుడ్డు డొల్లను నాట్యమాడిస్తారు. జూన్ ప్రాంతంలో వెళ్ళేవారు తేదీ చూసుకుని వెళితే ఆ వేడుక చూడవచ్చు.

ప్రశ్న: మా జిల్లాకు తన జీవితాన్ని అంకితం చేసిన ఫాదర్ ఫెర్రర్ పుట్టిన ఊరు కావడంతో, బార్సిలోనా చూడాలని మా అమ్మగారికి ఎప్పటినుంచో కోరిక. వచ్చే నెల ఆమెను తీసుకువెళుతున్నాను. ఆమె వయసు అరవై ఎనిమిది. పాతబస్తీని గైడుతో చూడడం మంచిదా, మేమే చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలోనే పుట్టారు. మీ అమ్మగారు ఆ కారణంగా ఆ ఊరు చూడాలనుకోవడం చదివి మనసు నిండింది.

మొదటి రోజు గైడుతో నడవండి, రెండో రోజు అవే వీధులలో మీరిద్దరే నెమ్మదిగా తిరగండి. గైడు లేకుండా మొదట వెళితే, యూదుల పేట అయిన 'కాల్' మీ కంటికి ఇరుకు సందుల గుంపులా మాత్రమే కనిపిస్తుంది. 1391 ఆగస్టులో జరిగిన దాడిలో ఆ పేట నాశనమైందనీ, నగరం బయట మోంజుయిక్ కొండ మీద ఉన్న యూదుల శ్మశానం నుంచి తెచ్చిన సమాధి రాళ్ళను తరువాతి కాలంలో భవనాల గోడల్లో వాడుకున్నారనీ చెప్పేవారు పక్కన ఉండాలి. కెథెడ్రల్ పక్కన సాంట్ యు చౌకులో, లొక్తినెంట్ భవనపు గోడకు దగ్గరగా వెళ్ళి చూస్తే కొన్ని రాళ్ళ మీద హీబ్రూ అక్షరాలు కనిపిస్తాయి. ఆ గోడ ముందు మీ అమ్మగారితో తప్పక ఒక నిమిషం నిలబడండి.

ఉచిత నడక పేరుతో ప్రకటించే యాత్రలలో, చివర్లో మీరిచ్చే డబ్బే గైడుకు దక్కే ప్రతిఫలం. కాబట్టి వాటిని ఉచితమని భావించకండి. మీ అమ్మగారి కోసం పదిమందికి మించని బృందాన్ని, అధికారిక అనుమతి ఉన్న గైడును ఎంచుకోండి. పెద్ద బృందాలలో వెనకబడినవారికి మాట వినిపించదు. అక్కడ నివసించేవారికి ఇబ్బంది కలగకుండా గైడులు మెగాఫోన్లు వాడకూడదన్న నిబంధన కూడా ఉంది. ఉదయం పూట, ఎండ ముదరకముందే బయలుదేరండి. దారి చాలావరకు చదునే అయినా నేలంతా రాతి పలకలు కాబట్టి, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోమనండి. కెథెడ్రల్‌లోకి వెళ్ళాలంటే భుజాలు కప్పుకోవాలి. చీర కట్టుకునే అమ్మగారికి ఆ చిక్కు లేదు. జనం రద్దీలో చేతిసంచిని ముందువైపు ఉంచుకోండి.

రెండో రోజు నడకను పారదీస్ వీధిలో ముగించండి. కెథెడ్రల్ వెనకనున్న ఆ చిన్న వీధిలో ఒక ఇంటి గుమ్మం ముందు నేలలో తిరగలి రాయి ఒకటి పాతి ఉంటుంది. సముద్రమట్టానికి 16.9 మీటర్ల ఎత్తున్న ఆ చోటే పాత రోమన్ పట్టణంలోకెల్లా ఎత్తైన చోటు. ఆ గుమ్మం దాటి లోపలికి వెళితే, మామూలు ఇంటి వాకిలిలాంటి చోట, అగస్టస్ చక్రవర్తి పేర కట్టిన గుడి తాలూకు నాలుగు స్తంభాలు తొమ్మిది మీటర్ల ఎత్తున నిలబడి ఉంటాయి. వాటి వయసు రెండు వేల ఏళ్ళు. వాటిలో ఒకటి మాత్రం కొంతకాలం ప్లాసా డెల్ రేలో ఉండి, తరువాత మిగతా మూడింటి పక్కకు తిరిగి వచ్చింది. అది ఏదో గుర్తుపట్టగలరేమో అమ్మగారిని అడిగి చూడండి.