చిప్ సరే, దాని వెనక రికార్డు ఎవరు చూస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి త్వరలో డిగ్రీలో చేరబోతోంది. బయాలజీ అంటే ప్రాణం. కంప్యూటర్ బాగా వచ్చు, లెక్కలు పర్వాలేదు, ఎలక్ట్రానిక్స్ మాత్రం అస్సలు ఇష్టం లేదు. చర్మం కింద బియ్యపు గింజంత చిప్ పెడితే రోగి వివరాలన్నీ డాక్టరుకు తెలిసిపోతాయని, ఎవరి జన్యువులకు తగ్గ మందు వాళ్లకు ఇవ్వొచ్చని ఒక వీడియోలో చూసింది. అప్పట్నుంచీ ఆ రంగంలోకే వెళ్తానంటోంది. ఉద్యోగాలు ఉంటాయో లేదోనని మాకు టెన్షన్‌గా ఉంది. ఏ కోర్సులో చేర్చమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ వీడియో సంగతి మాట్లాడుకుందాం. మీ అమ్మాయి ఏం చదవాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఆ బియ్యపు గింజ చిప్ కొత్తదేమీ కాదు. వెరిచిప్ పేరుతో వచ్చినదానికి ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ, 2004లోనే అనుమతి ఇచ్చింది. అందులో రోగి చరిత్ర ఉండేది కాదు, 16 అంకెల నంబరు ఒక్కటే ఉండేది. బ్యాటరీ కూడా లేదు. రీడర్ దగ్గరకు తెస్తే దాని రేడియో తరంగాల నుంచే కాస్త శక్తి తీసుకుని నంబరు చెప్పేది. ఆ నంబరుతో కంప్యూటర్లో వెతికితే రికార్డు రావాలి. ఆసుపత్రిలో రీడర్ లేకపోయినా, రికార్డు పాతబడిపోయినా ఆ చిప్ ఉండీ లేనట్టే. 2010లో దాని అమ్మకం ఆగిపోయింది. మైక్రోచిప్ జేబులో పెట్టుకునే కార్డుగా వచ్చినచోట మాత్రం నిలబడింది. ఫ్రాన్స్‌లో ఆరోగ్య బీమాకు వాడే కార్త్ వితాల్ 1998 నుంచి ఉంది.

అంటే చిప్ తాళంచెవి లాంటిది. బీరువాలో ఏ కాగితం ఎక్కడుందో సర్దిపెట్టేవాళ్లు వేరే కావాలి. మీ అమ్మాయికి నేను చూపించాలనుకుంటున్నది ఆ పనే.

ఒక రోగి తనకు పెన్సిలిన్ పడదని చెప్పాడనుకోండి. నర్సు దాన్ని నోట్స్‌లో ‘ఆ ఇంజెక్షన్‌కు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయట’ అని రాశారు. మనిషి చదివితే అర్థమవుతుంది. కానీ ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టరు అమోక్సిసిలిన్ రాస్తే కంప్యూటర్ నోరు మెదపదు, ఎందుకంటే అలర్జీ గడి ఖాళీగా ఉంది. అమోక్సిసిలిన్ కూడా పెన్సిలిన్ కుటుంబంలోదే. అదే మాట స్నోమెడ్ లాంటి ప్రామాణిక కోడ్‌తో సరైన గడిలో పడి ఉంటే, మందు టైపు చేస్తుండగానే హెచ్చరిక వచ్చేలా సాఫ్ట్‌వేర్ తయారుచేయొచ్చు. ఒక ఆసుపత్రి రికార్డు ఇంకో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా చేసే ప్రమాణం ఒకటుంది, పేరు ఫైర్, హెచ్‌ఎల్‌7 అనే సంస్థ తయారుచేసింది. ఇదంతా కలిపి హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అంటారు. పైకి గుమాస్తా పనిలా కనిపిస్తుంది. నా దృష్టిలో ప్రాణాలు కాపాడే పని ఇది.

ఇక జన్యువుల సంగతి. అక్కడా చిప్ ఉంది, కానీ ఆ జాతి వేరు. చిన్న పలక మీద వేల డీఎన్‌ఏ ముక్కలు వరసగా అతికించి ఉంటాయి. రోగి రక్తంలోంచి తీసిన డీఎన్‌ఏ తనకు జోడీ అయిన ముక్కకు అంటుకుంటుంది. ఏది ఎక్కడ అంటుకుందో చూసి జన్యువు ఏ రకమో చెబుతారు. వెరిచిప్ వచ్చిన 2004లోనే రోష్ కంపెనీ ఆంప్లిచిప్‌కూ అనుమతి దొరికింది. ఒంట్లో మందులను మార్చే రెండు ఎంజైముల జన్యువులను అది చూసేది.

అందులో ఒకటి సీవైపీ2సీ19. గుండె రక్తనాళంలో స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా చాలామందికి క్లోపిడోగ్రెల్ ఇస్తారు. మింగేటప్పటికి ఆ మాత్రకు పనిచేసే శక్తి ఉండదు. కాలేయంలో ఈ ఎంజైమ్ దాన్ని మార్చాలి. కొందరికి తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన ఆ ఎంజైమ్ జన్యువు కాపీలు రెండూ పనిచేయనివే. వాళ్లు రోజూ తప్పకుండా మాత్ర వేసుకుంటారు, రక్షణ మాత్రం సరిగ్గా అందదు. 2010లో ఎఫ్‌డీఏ ఈ మందు వివరాల్లో గడి కట్టి మరీ హెచ్చరిక పెట్టించింది. వాళ్లకు డాక్టర్లు వేరే మందు ఆలోచిస్తారు.

పుట్టుకతో వచ్చిన ఈ జన్యువు మారదు కాబట్టి ఒకసారి పరీక్ష చేస్తే చాలు. కానీ ఆ రిపోర్టు ఏదో ఫైల్లో పీడీఎఫ్‌గా పడి ఉంటే, పదేళ్ల తర్వాత స్టెంట్ వేసే డాక్టరుకు అది ఎలా కనపడుతుంది? జన్యువూ తెలిసి, రికార్డూ తెలిసినవాళ్లు కావలసింది ఇక్కడే. మీ అమ్మాయికి ఉన్న రెండు ఇష్టాలూ ఇక్కడే కలుస్తాయి.

కోర్సు సంగతికి వస్తే, చిప్ తయారీ, పేస్‌మేకర్ లాంటి పరికరాల డిజైన్ పక్కన పెట్టేయండి. అవి ఎలక్ట్రానిక్స్ ఇష్టపడేవాళ్లవి. నా మొగ్గు డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ లేదా స్టాటిస్టిక్స్, తోడుగా జెనెటిక్స్ వైపు. ఆ తర్వాత పీజీలో బయోఇన్ఫర్మాటిక్స్ (జన్యువుల లాంటి జీవ సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు) గానీ హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ గానీ చేయొచ్చు. డిగ్రీకే బయోఇన్ఫర్మాటిక్స్ తీసుకున్నా తప్పులేదు, కాకపోతే సిలబస్ తెప్పించుకుని చదవండి. ప్రోగ్రామింగ్, డేటాబేస్, స్టాటిస్టిక్స్ గట్టిగా లేకపోతే వద్దు. బ్రోచర్ మీద ‘పర్సనలైజ్డ్ మెడిసిన్’ అని పెద్ద అక్షరాలు చూసి ఫీజు కట్టొద్దు. మనుషులతో కూర్చుని మాట్లాడటం ఆమెకు ఇష్టమైతే జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే జన్యు పరీక్షల ఫలితాలను కుటుంబాలకు వివరించి చెప్పే పని, కూడా ఉంది.

ఉద్యోగాలు ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో, మందుల కంపెనీల్లో, ఆరోగ్య సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉంటాయి. మొదట్లో డేటా శుభ్రం చేయడం, కోడ్‌లు సరిచూడటమే ఎక్కువ. వీడియోలో చూపించినట్టు ఉండదని ఇప్పుడే చెప్పండి, లేకపోతే ఆర్నెల్లకే మనసు విరిగిపోతుంది.

ఇంకొకటి, డేటా గోప్యతను ఆమె మనసుపెట్టి చదవాలి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, జన్యువులు మార్చుకోలేం. పైగా ఒకరి జన్యు రిపోర్టు వాళ్ల తోబుట్టువుల గురించీ చెబుతుంది, వాళ్లను ఎవరూ అనుమతి అడగకపోయినా సరే.

ఫీజు కట్టేముందు ఒక నెల ఈ పని చేయించండి. సింథియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఊహా రోగుల రికార్డులు తయారుచేసి ఫైర్ రూపంలో ఇస్తుంది. నిజమైన మనుషుల వివరాలు ఉండవు కాబట్టి భయం లేదు. అందులో వందమందిని తీసుకుని, ఏదైనా ఒక మందు ఎంతమంది వాడుతున్నారో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో లెక్కపెట్టమనండి. ఇంకోపక్క, జన్యువులను బట్టి మందులు ఎలా వాడాలో చెప్పే సీపిక్ అనే సంస్థ ఉచితంగా పెట్టిన క్లోపిడోగ్రెల్ మార్గదర్శకాలు చదవమనండి. అన్నీ అర్థం కానక్కర్లేదు. ఈ రెండింటిలో దేని దగ్గర రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుందో, దేన్ని రేపటికి వాయిదా వేసిందో గమనించి నాకు రాయండి. కోర్సు పేరు అప్పుడు ఖాయం చేద్దాం.