బండి పాతబడితే చిక్కటి ఆయిల్ పోయాలా?

ప్రశ్న: నా పెట్రోల్ కారు 90 వేల కిలోమీటర్లు తిరిగింది. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది, ఇన్నేళ్లూ అదే పోయించాను. ఈసారి మెకానిక్ "ఇంజన్ పాతబడింది, ఎండలు కూడా ఎక్కువ, 20డబ్ల్యూ-50 పోద్దాం, సౌండ్ తగ్గుతుంది" అంటున్నాడు. ఆయిల్ అయితే తగ్గడం లేదు. మార్చమంటారా?

జవాబు: వద్దండి, మార్చకండి. ఆయిల్ తగ్గడం లేదని మీరే రాశారు కదా, ఇక చిక్కటిది పోయాల్సిన అవసరం ఏముంది?

డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడి దగ్గర ఉండే చిక్కదనానిది: 30 గ్రేడ్ అయితే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే ప్రమాణం) లోపు, 50 అయితే 16.3 నుంచి 21.9 లోపు. బయట ఎండ మండుతున్నా థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి ఇంజన్ వేడిని దాదాపు ఒకే స్థాయిలో ఉంచుతాయి కాబట్టి, మామూలుగా తిరిగే బండికి ఎండల పేరు చెప్పి గ్రేడ్ పెంచక్కర్లేదు.

అసలు భయపడాల్సింది పొద్దున్నే స్టార్ట్ చేసే క్షణం గురించి. ఇంజన్ ఇంకా వేడెక్కని ఆ సమయంలో, చలి లేని చోట కూడా, 20డబ్ల్యూ-50 మీ ఆయిల్ కంటే రెండింతలకు పైగా చిక్కగా ఉంటుంది, పైనున్న, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, అరుగుదల ఎక్కువగా జరిగేది అప్పుడే. మీ ఇంజన్‌లో వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఏర్పాటు) ఉంటే అది పనిచేసేది కూడా సన్నటి దారుల్లో వచ్చే ఆయిల్ ప్రెషర్‌తోనే. మైలేజీ తగ్గడం వేరే. సౌండ్ తగ్గుతుందన్నది నిజమే కావచ్చు, కానీ సౌండ్ తగ్గినంత మాత్రాన అరుగుదల తగ్గినట్టు కాదు, దయచేసి సౌండ్ తగ్గుతుందన్న మాట నమ్మి మోసపోకండి.

మాన్యువల్‌లో 5డబ్ల్యూ-40 కూడా రాసి ఉంటే, నిండా బరువుతో ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్లు అది వాడొచ్చు. గ్రేడ్‌తో పాటు అక్కడ రాసిన ఏపీఐ లేదా ఏసీఈఏ స్పెసిఫికేషన్ (ఆయిల్ నాణ్యతకు అమెరికా, యూరప్ సంస్థలు పెట్టిన ప్రమాణాలు) కూడా డబ్బా మీద ఉందో లేదో చూడండి, చాలామంది ఇది వదిలేస్తారు.

నెలకోసారి బండిని సమానమైన నేల మీద ఆపి, ఇంజన్ కట్టేసిన కాసేపటికి ఆయిల్ లెవెల్ చూపే డిప్‌స్టిక్ తీసి చూస్తుండండి. ఎప్పుడైనా లెవెల్ పడిపోవడం మొదలైతే ముందు లీకులు, పీసీవీ వాల్వ్ (ఇంజన్ అడుగున చేరే ఆవిర్లను తిరిగి లోపలికి పంపి కాల్చేసే వాల్వ్), వాల్వ్ సీల్స్ చూపించండి.