గూడ జారుతున్నా స్కాన్ ‘నార్మల్’ ఎలా వస్తుంది?

తమ్ముడికి కబడ్డీలో మూడుసార్లు గూడ జారిందనీ, విజయనగరంలో అల్ట్రాసౌండ్ తీయిస్తే నార్మల్ వచ్చిందనీ, ఇక ఆడొచ్చా అనీ అడిగారు. ఆడించకండి. స్కాన్ చేసేటప్పుడు చెయ్యి కదిపారో లేదో ముందు తమ్ముణ్ణి అడగండి. భుజం కీలంటే గిన్నెలో బంతి: చేతి ఎముక పై గుండ్రటి కొస బంతి, రెక్క ఎముకలోని గుంట గిన్నె. ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ఎంత జారే బంతయినా గిన్నెలోనే ఉంటుంది.

ఈ పరీక్షకి స్టూలు మీద కూర్చోబెట్టి, వీపు వైపు రెక్క ఎముక గట్టుకి దిగువన లీనియర్ ప్రోబ్, అంటే ఒంటి మీద ఆనించే చదును మొహం స్కాన్ పరికరం, అడ్డంగా పెట్టాలి. ధ్వని తరంగాల ఫ్రీక్వెన్సీ 7-12 మెగాహెర్ట్జ్ సరిపోతుంది. కొండవెలగాడలో బరువులెత్తే కుర్రాళ్ళలా కండ ఉంటే ఫ్రీక్వెన్సీ తగ్గించాలి, లేకపోతే గిన్నె అంచు మసకలో కలిసిపోతుంది. ఆ అంచుకీ బంతికీ మధ్య దూరం ముందు ఊరికే కొలిచి, తర్వాత ఇంకొకరు బంతిని ముందుకీ వెనక్కీ తోస్తుండగా కొలవాలి. ఈలోగా ప్రోబ్ ఏటవాలైతే ఆ కొలతలు పోల్చడానికి పనికిరావు. రెండో భుజానికీ ఇదంతా చెయ్యాలి. పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉన్నవాళ్ళకి రెండు పక్కలా ఎక్కువే వస్తుంది కాబట్టి ఒక్క అంకెని పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

నొప్పికో భయానికో కండ బిగిస్తే బంతి కదలదు, నార్మలే వస్తుంది. జారిన వారంలోపు చేయిస్తే మరీను. అలాగని చెయ్యెత్తి బయటికి తిప్పి బలంగా నెడితే అక్కడే జారొచ్చు.

తర్వాత ఆ చేతిని రెండో భుజం మీద వేయించి బంతి వెనక, బయటి వైపు చూడాలి. జారినప్పుడు గిన్నె అంచుకి గుద్దుకుని పడే సొట్ట, అదే హిల్-సాక్స్, ఉండేది అక్కడే. అల్ట్రాసౌండ్ బాగా పట్టేది దీన్నే. కాస్త దిగువన అందరికీ ఉండే పల్లాన్ని చూసి సొట్ట అని రాసేస్తుంటారు, జాగ్రత్త.

ముందు వైపు చిరిగే లేబ్రమ్, అంటే గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ, మాత్రం లోతుగా ఉంటుంది, దానికి ఈ స్కాన్‌ని నమ్ముకోలేం. కీల్లోకి మందు ఎక్కించి తీసే ఎమ్మారై కావాలి, గిన్నె ఎముక ఎంత అరిగిందో సీటీ చెబుతుంది. మూడుసార్లు జారాక ఆపరేషన్ మాట ఎలాగూ వస్తుంది, కాబట్టి వైజాగ్ బస్సెక్కండి.

ఇంకోటి. ఫిట్స్ వచ్చాకో కరెంటు షాక్ తగిలాకో చెయ్యి బయటికి తిరగకపోతే, ఎదర నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రే చూసి పంపేస్తుంటారు. వెనక్కి జారిన బంతి అందులో తప్పిపోతుంది. వీపు వైపు ప్రోబ్ పెడితే నిమిషంలో దొరుకుతుంది.