ప్రభుత్వ బడిలో చదివిన పిల్లని కాలేజీ హాస్టల్‌కి పంపుతున్నాం, అక్కడ వెనకబడిపోతుందేమో అని భయం. మీ అనుభవం చెప్తారా?

ఇదే భయంతో పోయినేడాది నేనూ నిద్రపోలేదండి. మా అమ్మాయి మొదట్నించీ ప్రభుత్వ బడే, కాలేజీ కూడా ప్రభుత్వానిదే, కాకపోతే దూరం, హాస్టల్లో ఉండాలి. చేర్చిన రోజు మిగతా పిల్లలు గలగలా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నాకు గుండె జారిపోయి, ప్రైవేటులో వేసుంటే బావుండేదేమో అని గేటు దగ్గరే మా ఆయనతో అనేశా. అది పాప వినేసిందని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధే, మీరు మాత్రం అలా అనకండి.

మొదటి నెల కష్టంగానే గడిచింది, దాచడం ఎందుకు. లెక్చరర్ స్పీడు అందక రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడ్చేది. ఒకరోజు ఏడుపు లేకుండా మాట్లాడింది, ఏంటమ్మా అంటే క్లాసయ్యాక నోట్సు తీస్కెళ్ళి సార్‌కి చూపించా, కూర్చోబెట్టి చెప్పారు అంది. అది తనకి బడిలో లెక్కల మేడమ్ చేసిన అలవాటు. ఆవిడ సాయంత్రం బెల్లు కొట్టాక కూడా ఉండేవారు, రాలేదు అని ఊరికే చెప్తే ఒప్పుకునేవారు కాదు, ఏ లైన్ దగ్గర ఆగిపోయావో వేలు పెట్టి చూపించు అనేవారు. అడగడానికి సిగ్గుపడని పిల్ల వెనకబడినా మళ్ళీ అందుకుంటుందండి, నేను కళ్ళారా చూశా. ఇంగ్లీషు కూడా రెండో సెమిస్టర్‌కి దానంతటదే దారిలో పడింది.

అలాగని ప్రభుత్వ బడులన్నీ బాగుంటాయని నేననను. మా బడిలో ఒక ఏడాది సైన్సు టీచరే లేరు, తల్లిదండ్రులం పదిమంది కలిసి ఆఫీసు చుట్టూ తిరిగితే గానీ పోస్టు నింపలేదు. అలా తిరిగిన వాళ్ళలో ఆఫీసర్లున్నారు, కూలికెళ్ళేవాళ్ళున్నారు, మా పిల్లలంతా ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు మరి. హాస్టల్ రూమ్‌లో ఎవరితోనైనా ఇట్టే కలిసిపోవడం పాపకి ఆ బెంచీ దగ్గరే వచ్చిందని నా నమ్మకం.

1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసింది కదా, అందులో 26వ అధికరణ చదువు గురించే. ప్రాథమిక విద్య ఉచితంగా, తప్పనిసరిగా ఉండాలని, పైచదువులు ప్రతిభని బట్టి అందరికీ సమానంగా అందాలని అందులో ఉంది. పిల్లలకి ఎలాంటి చదువు కావాలో ఎంచుకునే హక్కు ముందు తల్లిదండ్రులదే అని కూడా ఉంది. పాప ఇది సోషల్ పరీక్షకి బట్టీ పడుతుంటే విన్నా, అప్పట్లో నాకు ఆ చివరి ముక్కే నచ్చింది, ఇప్పుడు మొదటిది ఎంత పెద్ద మాటో తెలుస్తోంది. ఫీజు కట్టగలమా లేదా అన్నదాంతో సంబంధం లేకుండా మా పిల్ల ఇంతదూరం వచ్చింది.

ఇక పంపేటప్పుడు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో, జిరాక్సులు వేరే ఫైల్లో పెట్టండి. మొదటివారం మీరే పదిసార్లు ఫోన్ చెయ్యకండి, తను చేసినప్పుడు మాత్రం పని పక్కనపెట్టి వినండి. ఏడిస్తే వెంటనే వచ్చెయ్ అనకండి, ఎక్కడ ఆగిపోయావమ్మా అని అడగండి. నెల దాటినా తిండీ నిద్రా సరిగ్గా లేకపోతే అప్పుడు వెళ్ళి చూడండి.

మా పాప ఇప్పుడు ఆ బడిలో లేకపోయినా తల్లిదండ్రుల మీటింగులకి నేను మానకుండా వెళ్తున్నా. పోయిన మీటింగులో ల్యాబ్‌కి మైక్రోస్కోపులు కావాలని అర్జీ రాశాం, దాని మీద నా సంతకం కూడా ఉంది.