ఆటల సందేహాలు: ఇండియన్ వెల్స్ టెన్నిస్

ప్రశ్న: ఇండియన్ వెల్స్ కోర్టు బాగా నెమ్మది అంటారు. మరి పగటి మ్యాచుల్లో బంతి అదుపు తప్పి బేస్‌లైన్ దాటిపోతుందేం?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నెమ్మది నేలది, దూకుడు గాలిది. హార్డ్‌కోర్టు మీద వేసే యాక్రిలిక్ పూతలో సన్న ఇసుక కలుపుతారు. గరుకు ఎక్కువైతే బంతి నేలను తాకగానే వేగం తగ్గి పైకి లేస్తుంది. టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లేలా తిప్పే దెబ్బ) గట్టిగా వేస్తే భుజాల దాకా వస్తుంది. అక్కడ 2025లో ప్లెక్సిపేవ్ అనే పాత పూత స్థానంలో లేకోల్డ్ అనే పూత వచ్చింది.

ఇక గాలి. ఆ ఊరు కాలిఫోర్నియా ఎడారిలో ఉంది. ఎండకు గాలి పలచబడి బంతిని అంతగా అడ్డుకోదు. బంతి లోపలి గాలి కూడా వేడెక్కి ఒత్తిడి పెరగడంతో అది ఇంకా చురుగ్గా లేస్తుంది. ఎత్తైన ప్రదేశం కాబట్టి అలా అని కొందరు రాస్తుంటారు, అది తప్పు. ఇండియన్ వెల్స్ సముద్రమట్టానికి కాస్త పైన ఉందంతే.

పొద్దు వాలితే చలి త్వరగా దిగుతుంది, బంతి బరువెక్కినట్టు ఆడుతుంది. అందుకే పగలు రాకెట్ తీగలు బిగించి, రాత్రికి ఆ బిగువును ఓ కిలో తగ్గించుకునేవాళ్లుంటారు. సాయంత్రం మ్యాచ్‌లో తీగ తెగకపోయినా రాకెట్ మార్చారంటే కారణం చాలాసార్లు ఇదే.

ప్రశ్న: క్వాలిఫయింగ్‌లో (అర్హత పోటీల్లో) ఓడిన ఆటగాడు నేరుగా రెండో రౌండ్‌లో కనిపించాడు. ఇదేం న్యాయం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అతను లక్కీ లూజర్, అంటే అర్హత పోటీల్లో ఓడినా ఖాళీ అయిన చోట అవకాశం దక్కినవాడు. సింగిల్స్ డ్రాలో 96 మంది. 32 మంది సీడ్లకు (ర్యాంకుల్లో ముందున్నవాళ్లకు) మొదటి రౌండ్ బై, అంటే ఆడకుండానే రెండో రౌండ్‌కు వెళ్తారు. మిగతా 64 మంది ఆడితే 32 మంది మిగులుతారు, వాళ్లు రెండో రౌండ్‌లో సీడ్లను కలుస్తారు. కప్పు కొట్టాలంటే సీడ్‌కు 6 విజయాలు చాలు, మిగతావాళ్లకు 7 కావాలి. ఆట షెడ్యూలు విడుదలయ్యాక సీడ్ తప్పుకుంటే ఆ గడిలోకి లక్కీ లూజర్ వస్తాడు, బై కూడా అతనికే దక్కుతుంది. కాకపోతే ఓ మెలిక ఉంది. బైతో వచ్చి రెండో రౌండ్‌లోనే ఓడితే పురుషుల్లో మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకిచ్చే ర్యాంకింగ్ పాయింట్లే ఇస్తారు.

ప్రశ్న: బంతులు మొదట 7 గేములకు, తర్వాత 9కి ఎందుకు మారుస్తారు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వార్మప్‌ను (మ్యాచ్‌కు ముందు చేసే సాధనను) 2 గేముల కింద లెక్కేస్తారు కాబట్టి. మార్చాల్సిన వేళకు టైబ్రేక్ (సెట్ 6-6తో సమమైతే ఆడే గేము) వస్తే అప్పుడు మార్చరు, తర్వాతి సెట్ రెండో గేము దాకా ఆగుతారు.

ప్రశ్న: మనవాళ్లు అక్కడ గెలిచారా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: డబుల్స్‌లో గెలిచారు. మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా 2011లో ఎలెనా వెస్నినాతో, 2015లో మార్టినా హింగిస్‌తో కప్పు ఎత్తింది. రోహన్ బోపన్న 2023లో మాథ్యూ ఎబ్డెన్‌తో గెలిచేటప్పటికి అతని వయసు 43.

ప్రశ్న: మన టైములో ఎప్పుడు చూడాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. టోర్నీ మధ్యలో వచ్చే ఈ మార్పుతోనే మనవాళ్లకు మ్యాచ్ తప్పిపోతుంటుంది. దానికి ముందు మనకూ అక్కడికీ తేడా 13:30 గంటలు, తర్వాత 12:30. అక్కడ ఉదయం 11కి మొదలయ్యే ఆట తొలిరోజుల్లో మనకు అర్ధరాత్రి దాటి 12:30కి, ఆ ఆదివారం నుంచి రాత్రి 11:30కే వస్తుంది. సాయంత్రం 6 గంటల ఆటైతే మరుసటి ఉదయం 7:30, తర్వాత 6:30. అలారం ఒకసారి సరిచూసుకోండి.