గుమాస్తా చెవిన పడ్డ పేరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ముత్తాత కథ రాద్దామని కూర్చున్నావు, ఆయన పేరు ఇంటిపేరుతో సహా గూగుల్‌లో కొట్టావు, ఏమీ రాలేదు. "ఇంక ఊహించి రాసెయ్యనా?" అని అడిగావు. అప్పుడే వద్దమ్మా. ఆయన నెట్‌లో ఉండే ఉంటాడు. నువ్వు పిలుస్తున్న పేరుతో ఉండడు, అంతే.

ఆయన చెరకు తోటల్లో పనికి దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్ళి, అయిదేళ్ళ ఒప్పందం తీరాక తిరిగొచ్చాడని రాశావు. డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతానికి మన కూలీల మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసులో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆ వలస ఆగిపోయేలోపు లక్షా యాభై రెండు వేల మందికి పైగా వెళ్ళారు. ఒక్కొక్కరికీ ఒక నంబరిచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, చివరికి ఒంటిమీది మచ్చలు కూడా రాసుకున్నారు. డర్బన్‌లో, క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ వాళ్ళు ఆ ఓడ జాబితాలను కంప్యూటర్‌కెక్కించి అందరికీ అందుబాటులో పెట్టారు. వాటిలో ఇంటిపేరుకి గడే లేదు. నువ్వేమో ముందు దాన్నే కొట్టావు.

ఇప్పుడు పేరు సంగతి. అప్పలస్వామి అనే పేరే తీసుకో. చెప్పినవాడు మన యాసలో "అప్పలసామి" అని ఉంటాడు. రాసుకున్న గుమాస్తాకి తెలుగు వచ్చో రాదో. ఒక చోట పీ ఒకటి, ఇంకోచోట రెండు. సామి చివర ఒకసారి ఐ, ఒకసారి వై. మధ్యలో ఎక్కణ్ణుంచో ఓ డబ్ల్యూ వచ్చి చేరుతుంది. నాయుడైతే అక్కడ చివర రెండు 'ఓ'లు తగిలించుకుని కనిపిస్తాడు. నేను ముందు కాగితం తీసుకుని, పేరు పైకి పలుకుతూ, మన భాష తెలియనివాడు ఎన్ని రకాలుగా రాయగలడో అన్నీ రాసుకుంటాను. పది దాకా వస్తాయి. ఒక్కోదాన్నీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన జిల్లా పేరో, 'నటాల్' అనో చేర్చి వెతుకుతాను. అయిపోయినదాన్ని అక్కడికక్కడే కొట్టేస్తాను, లేకపోతే వారం తిరిగేసరికి మళ్ళీ అదే వెతుకుతూ కూర్చుంటాం. సినిమావాళ్ళు, రాజకీయ నాయకులు అడ్డొస్తే ఆ మాటకి ముందు మైనస్ గుర్తు పెట్టు, తప్పుకుంటారు.

ఊరు ఇంతకంటే చిక్కు. మీ శ్రీకాకుళం పేరు కొడితే ఆ కాలం కాగితాల్లో దొరకదు, అప్పుడది చికాకోల్. పైగా గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950లో తనే జిల్లా అయింది. మీ ఊరు ఉన్నచోటే ఉంది గానీ మూడు జిల్లాల కింద నడిచింది. నువ్వు వెతకాల్సింది గంజాం. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి జిల్లా మాన్యువళ్ళు, గెజిటీర్లు, అంటే జిల్లాల వివరాలు రాసిన సర్కారు పుస్తకాలు, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో స్కాన్ చేసి పెట్టారు. మీ ఊరి చుట్టుపక్కల పేర్లు అప్పట్లో ఎలా రాసేవారో వాటిలో చూసుకో. కంప్యూటర్ ఆ పాత అచ్చును తప్పుగా చదువుతుంది, 'సి'ని 'ఇ' అనుకుంటుంది. వెతుకులాటలో దొరకలేదని వదిలెయ్యకు, పేజీలు తిప్పి కళ్ళతో చూడు.

ఇక నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మా తాతగారి అన్నయ్య కోసం ఇలాగే వెతికాను. అదే పేరు, అదే ఊరు దొరికాయి. రాత్రి రెండింటికి ఒళ్ళు జలదరించింది. తండ్రి పేరు గడి సరిగా చూడకుండానే ప్రింటు తీసి మా మేనత్తకి ఇచ్చాను. ఆవిడ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, మడిచి దేవుడి దగ్గర పెట్టుకుంది. నేను వ్యాసం రాశాను, అచ్చయింది. ఆర్నెల్లకి మళ్ళీ చూస్తే తండ్రి పేరు వేరు, వయసులో పద్నాలుగేళ్ళ తేడా. ఎవరి తాతనో తెచ్చి మా ఇంట్లో కూర్చోబెట్టాను. పత్రికకి సవరణ రాసి పంపాను, అది తేలిక. అత్త దగ్గరికెళ్ళి ఆ కాగితం తిరిగి అడగడమే కష్టమైంది. అప్పట్నుంచీ పేరు, ఊరు, తండ్రి పేరు, వయసు నాలుగూ కలిస్తేనే మనవాడంటాను.

ఊహించి రాయొచ్చా అన్నావు కదా. తోటలో ఎండనీ, ఓడలో ఆయన దిగులునీ ఊహించు, అది నీ పని. తండ్రి పేరునీ, ఓడెక్కిన ఏడునీ మాత్రం ఊహించకు. రేపు మీ పిల్లలు దాన్నే నిజమనుకుంటారు.

నాయనమ్మ కాపరానికొచ్చేనాటికి ఆయన బతికే ఉన్నాడన్నావు. అయితే ఈ రాత్రి కంప్యూటర్ కట్టేసి ఆవిడ దగ్గర కూర్చో. మామగారి తండ్రి పేరేమిటో అడుగు. ఆ మామగారు అరుగుమీద పంచె పైకి లాక్కుని కూర్చున్నప్పుడు మోకాలి మీదో, పిక్క మీదో ఏదైనా మచ్చ కనిపించేదా అని అడుగు. ఎడమ కాలా, కుడి కాలా అని కూడా. ఆవిడ చెప్పింది చెప్పినట్టు నాకు రాసి పంపు, జాబితాలో ఆ మచ్చల గడి మనిద్దరం కలిసి చూద్దాం.